కూతకు గోత్రం వెతికినవాళ్ళు: చెడుగుడు, కబడ్డీ పేర్ల మీద కొన్ని ప్రశ్నలు

కబడ్డీ ఎక్కడ పుట్టింది అని అడిగితే బడికి పోయిన ఏ పిల్లవాడైనా రెండు ముక్కలు అప్పజెబుతాడు. అభిమన్యుడు పద్మవ్యూహంలోకి చొరబడిన ఘట్టం నుంచి ఈ ఆట పుట్టిందన్నది ఒకటి. 'కై-పిడి' అనే తమిళ మాట మారి మారి కబడ్డీ అయిందన్నది రెండోది. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో, వ్యాయామ విద్య గైడ్లలో, పోటీలు ప్రారంభించే నాయకుల ఉపన్యాసాల్లో ఈ రెండు ముక్కలే తిరుగుతుంటాయి. రుజువు ఏదని ఎవరూ అడగరు. ఎవరూ అడగని చోటే మనం అడగాల్సి వుంటుంది. ఎందుకంటే ఒక ఆటకు పుట్టుక కథ చెప్పటమంటే ఆ ఆట ఎవరిదో తేల్చి చెప్పటమే. భూమికి పట్టా రాసినట్లు ఆటకు కూడా పట్టా రాస్తారు. ఆ పట్టాలో పొలం దున్నినవాడి పేరు ఎట్లా వుండదో, ఆట ఆడినవాడి పేరు కూడా అట్లాగే వుండదు.

ముందు పేర్లు చూద్దాం. మనం చెడుగుడు అంటాం. తమిళులు సడుగుడు అంటారు. మహారాష్ట్రలో దీన్ని హుతుతు అనేవాళ్ళు. బెంగాల్లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో హా-డు-డు. పంజాబ్‌లో కౌడీ, కబడ్డీ రెండూ వున్నాయి. సరిహద్దు దాటి ఇరాన్ పోతే అక్కడ ఇట్లాంటి ఆటనే 'జూ' అంటారు. ఇన్ని భాషలు, ఇన్ని పేర్లు. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి తర్జుమా అయిన పేర్లు కావు ఇవి. అట్లాగని ఒకదానితో ఒకటి సంబంధం లేనివీ కావు. వీటన్నిటిలో ఒక పోలిక వుంది. ఆట ఆడేటప్పుడు నోటితో ఏది అంటారో దాదాపు అదే ఆట పేరయింది. అవతలి బరిలోకి పోయేవాడు 'చెడుగుడు గుడుగుడు గుడు' అని కూత పెడతాడు, కనక ఆట చెడుగుడు. 'హుతుతుతుతు' అంటాడు, కనక హుతుతు. గట్టు మీద కూచుని చూసినవాడు పెట్టిన పేరు కాదిది. గీత దాటి పోయినవాడి నోట్లోంచి వచ్చిన పేరు.

ఈ కూతల్లోని అక్షరాలు గమనించండి. హ, స లాంటి గాలి ఎక్కువ ఖర్చయ్యే అక్షరాలు వుంటే మొదట్లో ఒక్కసారే వస్తాయి. హుతుతులో 'హు' ఒకసారి, ఆ తర్వాత అంతా 'తుతుతు'. హా-డు-డులో 'హా' ఒకసారి, తర్వాత 'డుడుడు'. సడుగుడులో 'స' ఒకసారి, తర్వాత 'గుడుగుడుగుడు'. మళ్ళీ మళ్ళీ వచ్చేవి త, డ, గ, బ లాంటి ఆపి వదిలే అక్షరాలు. వీటితో గాలిని కొంచెం కొంచెంగా, పొదుపుగా వదలొచ్చు. చివర అచ్చు వుంది కాబట్టి ఎక్కడా తెగకుండా గొలుసులాగా సాగుతుంది. కబడ్డీ అనే మాట కూడా ఇట్లాంటిదే. క, బ, డ మూడూ ఆపి వదిలే అక్షరాలే. ఇరాన్ వాళ్ళ జూ మాత్రం వేరే పద్ధతి. అక్షరాన్ని తెంపకుండా ఒకే మూలుగుగా సాగదీస్తారు. పద్ధతి ఏదైనా పని ఒక్కటే. వూపిరి పట్టి వుంచటం, పట్టి వున్నట్లు అవతలివాళ్ళకు వినిపించటం. ఏ పండితుడి సాయమూ లేకుండా, వూపిరి కొలత తెలిసినవాళ్ళు ఇన్ని భాషల్లో ఈ పని చేసుకున్నారు.

అర్థం కోసం కాకుండా వూపిరి కోసం పుట్టిన మాటకు అర్థం వెతకబోతే ఏమవుతుందో చూడండి. తెలుగులో 'చెడు' అనే మాట వుంది కాబట్టి చెడుగుడు అంటే చెడ్డ ఆట, చెడగొట్టే ఆట అనేవాళ్ళున్నారు. పక్కనే తమిళంలో సడుగుడు వుందని, అందులో చెడు లేదని వాళ్ళకు పట్టదు. ఇదే పద్ధతిలో పోతే పంజాబీ కౌడీని గవ్వల ఆట అనాలి, ఎందుకంటే కౌడీ అంటే గవ్వ. ఇక కై-పిడి సంగతి. తమిళంలో కై అంటే చేయి, పిడి అంటే పట్టు. చేతులు పట్టుకునే ఆట గనక కై-పిడి అంటే వినటానికి బాగానే వుంటుంది. కానీ ఆ తమిళులే తమ పల్లెల్లో ఆ ఆటను సడుగుడు అన్నారు గదా? తమిళ మాట వుత్తరాదికి పోయి అక్కడ పేరుగా స్థిరపడిందంటే, అది పుట్టిన ఇంట్లో ఎందుకు నిలవలేదు? దారిలో 'పి' కాస్తా 'బ' ఎట్లా అయింది, 'డి' ఎందుకు వత్తు పెట్టుకుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా రెండు మాటలు చెవికి దగ్గరగా వున్నాయని చుట్టరికం కలపటం భాషాశాస్త్రం కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య పని.

అర్థం లేకపోతే ఏం? ఎందుకీ వెతుకులాట? దీనికి జవాబు మన తెలుగు మాట 'కూత'లోనే వుంది. కోడి కూస్తుంది, రైలు కూస్తుంది. మనిషి మాట్లాడతాడు. కానీ కొందరు మనుషులు మాట్లాడితే దాన్ని కూడా కూత అంటారు. 'ఏందిరా ఆ కూతలు', 'కారుకూతలు కూయకు' అని ఎవరు ఎవర్ని అంటారో మన వూళ్ళల్లో అందరికీ తెలుసు. మాట పైవాడిది, కూత కిందివాడిది. ఆటలో మాత్రం కూత గౌరవమైన పనే. కూత నిలిపినవాడే మొనగాడు. అయితే అర్థం లేని ఒక కూత ఒక దేశపు ఆటకు పేరుగా వుండటం చదువుకున్న పెద్దమనుషులకు మింగుడు పడలేదు. దానికో వ్యుత్పత్తి కావాలి, పురాణం కావాలి, గోత్రం కావాలి. కూతను మాటగా మార్చి, మాటను గ్రంథానికి తగిలిస్తేనే అది సంస్కృతి లెక్కలోకి వస్తుంది.

అభిమన్యుడి కథ ఇక్కడే అక్కరకొచ్చింది. కథను కథగానే తీసుకుని ఆట పక్కన పెట్టి చూద్దాం. అభిమన్యుడు రథమెక్కి, విల్లంబులతో పోయాడు. చెడుగుడులో రథం లేదు, ఆయుధం లేదు, వొంటి మీద చొక్కా కూడా వుండకపోవచ్చు. అభిమన్యుణ్ణి ఏడుగురు చుట్టుముట్టారని, అందుకే జట్టుకు ఏడుగురని చెబుతారు. ద్రోణపర్వంలో చుట్టుముట్టిన రథికులు ఆరుగురు. ఏడుగురు అన్నది పోటీల కోసం నియమావళి రాసిన కమిటీల లెక్క. పల్లెలో ఎంతమంది వస్తే అంతమందిని సగం చేసుకుని ఆడతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. అభిమన్యుడికి లోపలికి పోవటం తెలుసు, బయటికి రావటం తెలియదు. కథంతా దాని మీదే నడుస్తుంది. చెడుగుడు దానికి సరిగ్గా ఎదురు. లోపలికి ఎవడైనా పోతాడు. కూత తెగకుండా తిరిగొచ్చి తన గీతను ముట్టటమే ఆట. తిరిగి రావటం తెలియనివాణ్ణి ఏ జట్టూ కూతకు పంపదు. అభిమన్యుడికి ఆ విద్య తల్లి కడుపులోనే వచ్చింది, అంటే పుట్టుకతో వచ్చింది. చెడుగుడు పుట్టుకతో రాదు. మోకాళ్ళు చెక్కుకుపోతేనే వస్తుంది. పుట్టుకతో వచ్చే విద్య కథను తెచ్చి, పాటుపడి నేర్చుకునే ఆటకు తల్లివేరు అని చెప్పటంలోనే బ్రాహ్మణీయ పద్ధతి అంతా కనబడుతుంది.

ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. ఈ ఆటకు రాతపూర్వకమైన నియమాలు 20వ శతాబ్దం రెండు, మూడు దశాబ్దాల్లో మహారాష్ట్ర, బరోడా ప్రాంతాల్లోని వ్యాయామశాలలు, జింఖానాల్లో తయారయ్యాయి. బరోడాలో 1923లో అఖిల భారత స్థాయి పోటీ జరిగింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ జట్టు దీన్ని అక్కడ ప్రదర్శించింది. 1950లో అఖిల భారత కబడ్డీ ఫెడరేషన్ ఏర్పడింది. తెల్లవాడి క్రికెట్, హాకీలకు ఎదురుగా మా దగ్గరా ఒక ప్రాచీన క్రీడ వుందని చూపించుకోవటం ఆనాటి జాతీయవాద మధ్యతరగతికి అవసరమైంది. 'ప్రాచీన' అనాలంటే పల్లెలో కూలి పని ముగించుకుని మసక వెలుతురులో ఆడే ఆట అంటే సరిపోదు. మహాభారతం కావాలి. ఆ విధంగా ఆట పల్లెదిగానూ, దాని పుట్టుక గ్రంథానిదిగానూ చీలిపోయింది.

మనవాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. అభిమన్యుడికి పోటీగా బుద్ధుణ్ణి తెచ్చి, గౌతముడు ఈ ఆట ఆడాడని చెప్పేవాళ్ళు మనలోనూ వున్నారు. భిక్షువులు దూరంగా వుంచవలసిన ఆటల జాబితా దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తలో వుంది. అందులో గళ్ళ మీద ఆడే ఆటలున్నాయి, పాచికలున్నాయి, పిల్లకాయల బొమ్మ బండ్లూ బొమ్మ విల్లులూ వున్నాయి. కూత పెట్టి ఆడే ఆట లేదు. ఫూలే 1873లో గులాంగిరీ రాసినప్పుడు ఖండోబా, మ్హసోబా లాంటి పల్లె దేవుళ్ళ పేర్లను బలిరాజు కొలువులోని అధికారుల పేర్లుగా చదివాడు. ఆ వ్యుత్పత్తులన్నీ భాషాశాస్త్రానికి నిలుస్తాయా లేదా అన్నది వేరే చర్చ. పేరు చెప్పే కథ వెనక అధికారం వుంటుందని, ఆ కథను తిప్పి చదవొచ్చని ఆయన చూపించాడు. మనం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ ప్రశ్న. వాళ్ళ కట్టుకథకు బదులు మన కట్టుకథ పెట్టటం కాదు. ఈ విషయంలో అయితే మనకు కథ అవసరం కూడా లేదు. అర్థం లేని ఈ పేరే మన సాక్ష్యం. ఏ గ్రంథమూ చదవనివాళ్ళు, రాయటం రానివాళ్ళు ఈ ఆటకు పేరు పెట్టారని ఆ పేరే చెబుతోంది.

పేర్ల మీద అసలు పెత్తనం రూల్ బుక్‌లో కనబడుతుంది. కూతకు అందులో నిర్వచనం వుంది. 'ఆమోదిత పదం' అయిన కబడ్డీని ఒకే వూపిరిలో, తెంపు లేకుండా, స్పష్టంగా, పైకి వినబడేట్లు పలకటమే కూత. ఆమోదిత పదం పలకకపోతే రిఫరీ వెనక్కి పిలుస్తాడు. అవతలి జట్టుకు పాయింటూ, కూతకు వెళ్ళే అవకాశమూ ఇస్తాడు. అంటే నెల్లూరు పిల్లవాడు జాతీయ పోటీలో చెడుగుడు అని కూత పెడితే అది తప్పు. బెంగాలీ పిల్ల హా-డు-డు అంటే తప్పు. అమ్మ నేర్పిన మాట మీద పాయింటు పోతుంది. కూతను ఇంగ్లీషు రూల్ బుక్ 'కాంట్' అంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకు దొంగలూ బిచ్చగాళ్ళూ తమలో తాము మాట్లాడుకునే భాష అనే అర్థం కూడా వుంది. మన 'కూత'కూ వాళ్ళ 'కాంట్'కూ నీచార్థం ఒకే తావు నుంచి వచ్చింది. కిందివాళ్ళ నోటి నుంచి వచ్చే శబ్దం రెండు చోట్లా మాట కాలేకపోయింది.

బంగ్లాదేశ్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 1952లో భాష కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ నేల అది. 1971లో ఆ భాష పునాది మీదే దేశమైంది. 1972లో ఈ ఆటను జాతీయ క్రీడ చేసుకుంటూ పెట్టుకున్న పేరు హా-డు-డు కాదు, కబడ్డీ. అంతర్జాతీయ పోటీలకు ఒకే పేరు, ఒకే నియమావళి కావాల్సి వచ్చింది. భాష కోసం పోరాడిన దేశంలోనే పల్లె కూత పక్కకు తప్పుకోవాల్సి వచ్చిందంటే, ప్రామాణీకరణ అనేది ఎంత బలమైనదో అర్థం చేసుకోవచ్చు.

పేరుతోపాటు ఆట లోపలి మాటలు కూడా మారాయి. మన దగ్గర అవుటైనవాడు 'చచ్చాడు', మళ్ళీ లోపలికొచ్చినవాడు 'బతికాడు'. ఫెడరేషన్ వాళ్ళు ఆట రకాలకు సంజీవని, గామినీ, అమర్ అని పేర్లు పెట్టారు. అవతలివాడు అవుటైతే మనవాడు బతికేది సంజీవని. జట్టంతా చచ్చేదాకా ఎవరూ బతకనిది గామినీ. ఎవరూ బయటికి పోకుండా పాయింట్లు మాత్రమే లెక్కబెట్టేది అమర్. చావూ బతుకూ అనే రెండు ముతక మాటల్లో పిల్లలు చెప్పుకునే సంగతికి పురాణ వైద్యం చేయించారన్నమాట. మిగతా చోట్ల రెయిడ్, టాకిల్, బోనస్, బాక్ లైన్. ఆలౌట్ చేస్తే వచ్చే 'లోనా' ఒక్కటే ఆ పుస్తకంలో మిగిలిపోయిన నేల మాట. పైన సంస్కృతం, పక్కన ఇంగ్లీషు. మధ్యలో ఆడేవాడి భాషకు చోటు లేదు. మన పత్రికల క్రీడా పేజీలు రాసేవాళ్ళు మాత్రం ఇప్పటికీ 'కూతకు వెళ్ళాడు', 'పట్టు పట్టారు' అని రాస్తున్నారు. అది మెచ్చుకోవాల్సిన సంగతి.

ఇంత చెప్పి పాత పల్లె ఆటే గొప్పదని, కబడ్డీ అనే పేరు వద్దని అంటే అది ఇంకో రకం మోసం అవుతుంది. ఒకే పేరు, ఒకే నియమావళి వుండబట్టే ఈ ఆట 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లోకి పోయింది. 2010లో గ్వాంగ్జౌలో ఆడవాళ్ళకూ చోటు దొరికింది. రైల్వేల్లో, పోలీసు శాఖలో స్పోర్ట్స్ కోటా వుద్యోగాలు వచ్చాయి. బూట్లు, బ్యాట్లు కొనలేని ఇళ్ళ పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. పల్లె చెడుగుడు కులం లేని చెడుగుడూ కాదు. ఈ ఆటంతా అంటుకోవటం మీద నడుస్తుంది. 'అంటరాని' అనే మాటలో వున్నదీ ఆ అంటే. అంటుకుని ఆడారు గనక అంటరానితనం కరిగిపోయిందని రాసేవాళ్ళు, ఆట అయ్యాక అదే పిల్లలు టీ కొట్టు దగ్గర రెండు రకాల గ్లాసుల్లో తాగిన సంగతి కూడా రాయాలి. తూత్తుకుడి జిల్లా మణత్తి గ్రామం నుంచి వచ్చి అర్జున అవార్డు అందుకున్న గణేశన్ జీవితం స్ఫూర్తిగా మారి సెల్వరాజ్ 2025లో 'బైసన్' సినిమా తీశాడు. కుల పగల మధ్య పెరిగిన కుర్రవాడు అవతలి బరిలోకి పోవటం కన్నా ముందు, అసలు బరి దాకా చేరటానికి ఎన్ని గీతలు దాటాలో ఆ సినిమా చూపిస్తుంది. ఆటలో ఒక గీతే వుంటుంది. వూళ్ళో చాలా వుంటాయి.

కాబట్టి పేర్ల గొడవ పాత పేరు మంచిదా, కొత్త పేరు మంచిదా అన్నది కాదు. ఆట పెరిగినప్పుడు దాన్ని కన్నవాళ్ళ గుర్తు ఎందుకు చెరిగిపోవాలి అన్నది. ఇప్పుడు ఆ చెరపటం ఇంకో మెట్టెక్కింది. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్‌లో ఒక్కో కూతకు 30 సెకండ్లు. కూత నియమం పుస్తకంలో వుంది గానీ, ఆట నడిపించేది గడియారం. వూపిరి కొలతగా పుట్టిన పేరు, ఆ కొలత పనిలేనిదైపోయాక ఉత్త లేబుల్‌గా మిగులుతుంది. మన జట్టుకు పెట్టిన పేరు తెలుగు టైటన్స్. గ్రీకు పురాణాల రాక్షస దేవతలు దొరికారు గానీ చెడుగుడు దొరకలేదు. సినిమావాళ్ళూ అంతే. 2003లో 'కబడ్డీ కబడ్డీ', 2010లో 'భీమిలి కబడ్డీ జట్టు' అని పేర్లు పెట్టుకున్నారు. మరి చెడుగుడు ఎక్కడ మిగిలింది? ఎవడైనా ఎదుటివాణ్ణి చిత్తుగా ఓడిస్తే 'వాళ్ళతో చెడుగుడు ఆడేశాడు' అంటాం. ఆట పేరు పోయి సామెతలాగా మిగిలింది. పోయిన మనిషి పేరు వీధికి పెట్టినట్లు.

అభిమన్యుడి కథ చెప్పేవాళ్ళకు ఇరాన్ గురించి కూడా చెప్పటం మంచిది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ జట్లు మగవాళ్ళ విభాగంలోనూ, ఆడవాళ్ళ విభాగంలోనూ బంగారు పతకాలు గెలిచాయి. మనవాళ్ళు సెమీస్‌లో ఒకసారి, ఫైనల్లో ఒకసారి వాళ్ళ చేతిలోనే ఓడిపోయారు. అప్పుడు చాలామంది 'మన ఆట మనకే నేర్పారు' అని బాధపడ్డారు. 'జూ' అని కూత పెట్టుకుని పెరిగిన పిల్లల దేశం అది. వాళ్ళకు పద్మవ్యూహం తెలియాల్సిన అవసరం లేదు. ఈ ఆట ఒక గ్రంథానిదీ కాదు, ఒక జాతిదీ కాదు. వొంట్లో వూపిరి తప్ప చేతిలో ఇంకేమీ లేనివాళ్ళు ఎక్కడుంటే అక్కడిది.

ఇక చెయ్యాల్సిన పని. మన విద్యార్థులు, టీచర్లు సెలవుల్లో వూళ్ళకు పోయినప్పుడు పెద్దవాళ్ళను కొన్ని సంగతులు అడిగి రాసుకోవాలి. మీ పల్లెలో ఏమని కూత పెట్టేవాళ్ళు? మాల పల్లెలో, మాదిగ పల్లెలో, వూళ్ళో ఒకే కూత వుండేదా, వేరువేరుగా వుండేదా? ఆట ఏ స్థలంలో ఆడేవాళ్ళు, ఆ స్థలం ఎవరిది, ఇప్పుడు అక్కడ ఏముంది? ఎవరు ఎవరితో కలిసి ఆడేవాళ్ళు, ఎవర్ని పట్టుకోవటానికి వెనకాడేవాళ్ళు? ఆడపిల్లలు ఏ వయసు దాకా ఆడేవాళ్ళు, ఎవరు మాన్పించారు? చచ్చినవాణ్ణి బతికించుకోవటానికి ఏ లెక్క వుండేది? ఈ జవాబులు ఏ నిఘంటువులోనూ లేవు. అడిగే మనుషులు ఇంకా వుండగానే రాసుకోవాలి. వ్యాయామ ఉపాధ్యాయులు చెయ్యగలిగిన చిన్న పని కూడా ఒకటుంది. జిల్లా పోటీల్లో ఆమోదిత పదం ఏదన్నా కానీ, బడి మైదానంలో పిల్లల్ని వాళ్ళ ఇంటి కూతతో ఆడనివ్వండి. ఆట ఎక్కడ పుట్టింది అని వాళ్ళు అడిగితే అభిమన్యుడి పేరు చెప్పకండి. మీ తాతలూ అవ్వలూ ఏమని కూసేవాళ్ళో ఇంటికెళ్ళి అడిగి రమ్మనండి.